పక్కచూపు

చెల్లెలు చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే అతనికి ముందు కలిగింది సంతోషం కాదు. ఊరక రారు మహానుభావులు అనుకున్నాడు. తల్లి పోయిన తర్వాత ఆమె ఆ ఇంటి గడప తొక్కింది లేదు. అప్పుడప్పుడూ ఫోను చేసేది. ‘బాగున్నావా అన్నయ్యా’ అంటే ‘ఆఁ, నువ్వో’ అనేవాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. అలాంటి మనిషి శనివారం మధ్యాహ్నం చిన్న సంచి ఒకటి భుజాన తగిలించుకుని, రెండ్రోజులు ఉండి పోదామని వచ్చానంటూ దిగింది.

“రా, రా” అన్నాడు. అని, ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వీధిలోకి తొంగి చూశాడు.

అతని తీరే అంత. పాలవాడు నవ్వుతూ పోస్తే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకుండా పోస్తే మరీ ఎక్కువ కలిపాడంటాడు. గ్యాసు బండ తెచ్చినవాడు గుమ్మం దాటేలోపే దాన్ని ఊపి చూస్తాడు. స్కూలు వ్యాను నడపడం అతని పని. వ్యాను సొంతమే. పిల్లలు అతనికి హారన్ అంకుల్ అని పేరు పెట్టారు. సందు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా మధ్యలో ఇంకోసారి మోగిస్తాడు మరి. ఎందుకంత మోత అని అడిగినవాళ్ళకు, ఈమధ్య జనానికి భయం లేకుండా పోయింది, పక్కల నుంచి హఠాత్తుగా ఊడిపడుతున్నారు, మన జాగ్రత్త మనం పడాలి కదా అని జవాబిచ్చేవాడు.

చెల్లెలి రాక వెనక ఏముందో ఊహించడానికి అతను పెద్దగా కష్టపడలేదు. ఇల్లు తండ్రి కట్టింది. ఉన్నంతకాలం తల్లి పేరు మీద ఉంది. ఆమె పోయాక వాటా సంగతి చెల్లెలు అడగలేదు, అతనూ ఎత్తలేదు. అడగని మాట అడిగినదానికంటే ఎక్కువగా గుచ్చుకుంటుంది. గుమ్మడికాయల దొంగ అనకముందే అతను భుజాలు తడుముకుంటూ బతుకుతున్నాడు.

భోజనాల దగ్గర ఆమె ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చలు కనిపించాయి. ఒకటి పాతది, ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది. చెల్లెలు తను ఉండే ఊళ్ళో ఒక బేకరీలో పనిచేస్తుంది. పొయ్యిలోంచి తీసిన రేకులు తగిలాయని చెప్పింది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనిలో ఇప్పుడు కొత్తగా చెయ్యి కాల్చుకోవడం ఏమిటనుకున్నాడు అతను. బావతో ఏదో గొడవ అయి ఉంటుంది. మొగుడితో పడకపోతే ఆడమనిషికి గుర్తొచ్చేది పుట్టిల్లే. అంటే ఈ ఇల్లే.

ఆ సాయంత్రమంతా అతను ఆమెను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాడు. ఆమె నడవలోంచి వంటింట్లోకి వెళ్ళేటప్పుడు గోడ మీద అరచెయ్యి ఆన్చి, రాసుకుంటూ నడిచింది. గది మధ్యలో నిలబడి తలను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పి చూసింది. కొలతలు వేసుకుంటోందని అతనికి రూఢి అయిపోయింది. పైగా నడవలో లైటు లేదేమిటన్నయ్యా అని అడిగింది. ఉన్న ఇంటిని ఉన్నట్టు పంచుకోవడమే కాక బాగు చేయించి కూడా ఇవ్వాలి కాబోలు అని కడుపులోనే గొణుక్కున్నాడు.

ఆ తర్వాత వంటింట్లో వదినా మరదళ్ళు గుసగుసలాడుకుంటుంటే మంచినీళ్ళ వంకతో వెళ్ళాడు. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే ఇద్దరూ చప్పున ఆగిపోయారు. అతని భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కత్తెరలాంటి నోరు ఆమెది, ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. అలాంటిది ఆ క్షణాన స్టవ్వు తుడుస్తూ ఒక్క ముక్క మాట్లాడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరిగానంది. అక్కడ ఉల్లిపాయ పొట్టయినా లేదు.

మర్నాడు పొద్దున టీ తాగుతుండగా చెల్లెలు అసలు మాట బయటపెట్టింది. పాత గోడ చూసి చాలా ఏళ్ళయింది, ఇద్దరం కలిసి ఒకసారి వెళ్ళొద్దాం అంది.

అతని చేతిలో కప్పు ఆగిపోయింది.

పాత గోడ ఊరి చివర ఉంది. ఒకప్పుడు అక్కడ కోట ఉండేదట. కోట కాలగర్భంలో కలిసిపోయి, చుట్టూ కట్టిన గోడ మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. వాళ్ళ నాన్న దానికి కాపలాదారు. ఇళ్ళు కట్టుకునేవాళ్ళు రాళ్ళు పెరుక్కుపోకుండా, గొడ్లు పైకెక్కకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఒకనాడు సందె చీకటి వేళ ఆ గోడ మెట్ల మీంచే పడి చనిపోయాడు. తాగి పడ్డాడని ఊరంతా చెప్పుకుంది. తల్లి కూడా అదే అంది. సందె పడితే తూలుతూ, స్తంభాలకు గుద్దుకుంటూ ఇల్లు చేరే మనిషిని చూసి ఎవరైనా ఇంకేమనుకుంటారు? అప్పటికి అతనికి మీసం కూడా సరిగా రాలేదు. ఆనాటి నుంచి అతను ఒక్క చుక్క ముట్టలేదు, గోడ వైపు వెళ్ళలేదు, నాన్న మాట ఎవరెత్తినా అక్కడి నుంచి లేచిపోయేవాడు.

“ఇప్పుడక్కడ ఏముందని? రాళ్ళూ, తుప్పలూ” అన్నాడు.

భార్యే అందుకుంది. ఆదివారం కదా, వ్యాను ఖాళీగానే ఉంది కదా, ఆడపడుచు నోరు తెరిచి అడిగితే ఆ మాత్రం తీసుకెళ్ళలేరా అని వాయించింది. అప్పటికే డబ్బాలో ఉడికించిన గుడ్లు సర్ది, ఫ్లాస్కులో టీ పోసి పెట్టింది. అతను అవునంటాడో కాదంటాడో తెలియకముందే మూటలు సిద్ధం. ఇద్దరూ కూడబలుక్కున్నారని అప్పుడు తేలిపోయింది. నాన్న చచ్చిపోయిన చోటికి తీసుకెళ్ళి, అక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకుని వాటా అడుగుతుంది. అక్కడైతే కాదనలేనని లెక్క వేసుకుంది. సరే పద, నేనూ చూస్తాను అనుకున్నాడు.

వ్యానులో చెల్లెలు పక్క సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఆమె రోడ్డును చూసినదానికంటే అతన్ని చూసిందే ఎక్కువ. అతను గేరు మారిస్తే చూసింది, అద్దంలోకి చూస్తే చూసింది, చూడకపోతే మరీ పరకాయించి చూసింది. వ్యాను ఎడమ తలుపు మీద సొట్ట ఎప్పుడు పడిందని అడిగింది. ఎవడో తాగుబోతు వెధవ అడ్డంగా బండి పెట్టాడని చెప్పాడు. అప్పుడు ఎటు చూస్తున్నావు అని అడిగింది. పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టుంది అతనికి.

మార్కెట్టు దాటాక ఎడమ సందులోంచి సైకిలు ఒకటి దూసుకొచ్చింది. చెల్లెలు “అన్నయ్యా” అని భుజం పట్టుకునేసరికి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. సైకిలు మీద వెళ్ళే మనిషి ఒక కాలు నేల మీద ఆన్చి, వ్యాను ముక్కు ముందు నిలబడి, కళ్ళు కనపడటం లేదా అని తిట్టాడు. అతను కిటికీలోంచి తల బయటపెట్టి అంతకు రెట్టింపు తిట్టాడు. వాడు వెళ్ళాక, చూశావా, ఇలాగే ఆకాశంలోంచి ఊడిపడుతుంటారు అన్నాడు చెల్లెలితో.

“వాడు చాలా దూరం నుంచే వస్తున్నాడు” అంది ఆమె.

ఆ మాట అతనికి రుచించలేదు. ఇల్లు ఒక్కటే కాదు, వ్యాను నడపడం చేతకాదని కూడా రుజువు చేయాలని చూస్తోందా? అలా చేస్తే ఈమెకేం ఒరుగుతుంది? అన్నయ్యకు వయసు మీదపడింది, పని చేయలేడు, ఇల్లు అమ్మేసి ఎవరి ముక్క వాళ్ళు పుచ్చుకుందాం అనడానికా? ఒక్కసారి ఆ దారిలో పడ్డాక మనసుకు ప్రతి గుంటా ఒక ఆనవాలే.

గోడ దగ్గర చిన్న గదిలో టికెట్లు ఇస్తున్నారు. అతను వ్యానుకు తాళం వేసి వచ్చేసరికి చెల్లెలు అక్కడి కాపలాదారుతో తల దగ్గరగా పెట్టి మాట్లాడుతోంది. ఆ మనిషి గోడ పైకి చెయ్యి చూపించి, ఎక్కడో బురుజు దగ్గర వేలు తిప్పి ఏదో చెబుతున్నాడు. అతన్ని చూడగానే చెయ్యి దించేశాడు. ఏమంటున్నాడని అడిగితే, ఏం లేదు, ఎండగా ఉంది, టోపీ పెట్టుకోమన్నాడు అంది చెల్లెలు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

ఇంతలో ఆమె ఫోను మోగింది. నాలుగడుగులు పక్కకు వెళ్ళింది గానీ గాలి ఇటే వీస్తోంది. “ఇంకా లేదు వదినా... పైకెళ్ళాక... నువ్వు ఏడవకు” అన్న ముక్కలు చెవిన పడ్డాయి. వదిన ఎందుకేడుస్తోంది? పైకెళ్ళాక ఏమిటి?

గోడను ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. అతనికి గుర్తున్నదానికంటే పెద్దది. బయట ఒకప్పుడు నీళ్ళుండే కందకం ఇప్పుడు తుమ్మ పొదలతో నిండిపోయింది. దాని అవతల ఒక గోడ, దానికి లోపల ఇంకొక గోడ. పెద్ద పెద్ద రాళ్ళు, మధ్యలో సున్నం కూడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. అక్కడక్కడ కూలి, కూలిన చోట పిచ్చిమొక్కలు లేచాయి. పై అంచున బయటి శత్రువు మీదికి బాణాలు వేయడానికి సన్నటి కంతలు. తిన్నగా లోపలికి వెళ్ళే దారే లేదు. ద్వారం దాటాక దారి ఒక్కసారిగా పక్కకు తిరిగి, పైకప్పున్న చీకటి నడవలోంచి పోయి, మళ్ళీ తిరిగి వెలుగులోకి వస్తుంది. వచ్చేది చుట్టమో శత్రువో తెలియదు గనక ఎవరొచ్చినా సరే ఇలా మెలికలు తిరిగి రావాల్సిందేనని నాన్న చెప్పేవాడు. ఆ కట్టినవాడి తెలివి ఇప్పుడు అతనికి తెగ నచ్చింది.

చీకటి నడవలోకి అడుగుపెట్టగానే అతని ముందు లోకం ఆరిపోయింది.

అది అతనికి కొత్త కాదు. వెలుగులోంచి చీకట్లోకి వస్తే ఎవరికైనా కాసేపు కళ్ళు కనిపించవు, తనకు ఆ కాసేపు కాస్త ఎక్కువ, అంతే. అందుకే చీకటి పడ్డాక వ్యాను తీయడు. పొద్దున్నే లేవాలి కదా, తొందరగా పడుకుంటాను అని చెబుతుంటాడు. రేచీకటి అన్న మాట అతను ఎవరి దగ్గరా, భార్య దగ్గర కూడా, ఎన్నడూ నోటితో అనలేదు. ఇప్పుడు గోడ తడుముకుంటూ, పాదాలు నేలకు రాస్తూ నడిచాడు.

“అన్నయ్యా, నేనెక్కడున్నానో కనిపిస్తోందా?” అని అడిగింది చెల్లెలు.

“కనపడకేం? ఎదురుగానే ఉన్నావుగా” అన్నాడు.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె గొంతు అతని వెనక నుంచి వినిపించింది. “పద” అంది, అంతే. అతని వీపు మీద చీమలు పాకినట్టయింది.

వెలుగులోకి వచ్చి, మెట్లెక్కి, గోడ మీదికి చేరారు. పైన ఎద్దుబండి పట్టేంత వెడల్పున్న బాట, అటూ ఇటూ నడుమెత్తు పిట్టగోడ. ఒకవైపు ఊరు, ఒకవైపు పొలాలు. గాలి బాగా వీస్తోంది. కనుచూపు మేరలో ఇంకెవరూ లేరు. అతను నవ్వుకోబోయాడు గానీ నవ్వు రాలేదు. గజం స్థలం కోసం సొంతవాళ్ళ గొంతులు కోసుకున్న కథలు వ్యాను స్టాండులో రోజూ వింటూనే ఉంటాడు. చెల్లెలు అలాంటిది కాదు. కానీ మనిషి మనసు ఎవరు చూడొచ్చారు? ఎందుకైనా మంచిదని ఆమెను కుడిపక్కనే ఉంచుకుని, ఆమె ఒక అడుగు దగ్గరికి వస్తే తను ఒక అడుగు ఎడమకు జరుగుతూ నడిచాడు.

సగం దూరం వెళ్ళాక ఆమె ఆగింది. ఎదురుగా కనిపించే బురుజు మీదే చూపు నిలపమంది. తల తిప్పకూడదట. తను పక్కన నిలబడి చెయ్యి ఎత్తుతుందట, కనిపించగానే చెప్పాలట.

అప్పటికి అతని ఓపిక నశించింది. పొద్దుట్నుంచీ, కాదు నిన్నట్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఏమిటీ పరీక్షలు, నేనేమైనా బళ్ళో పిల్లాడినా అన్నాడు. గోడలు కొలిచిందీ, వంటింట్లో మంతనాలాడిందీ, కాపలావాడితో గుసగుసలాడిందీ అన్నీ చూస్తూనే ఉన్నానన్నాడు. ఇంట్లో వాటా కావాలంటే మొహం మీదే అడగొచ్చు, చచ్చిపోయిన నాన్నను మధ్యలోకి లాగక్కర్లేదు అన్నాడు.

“వాటా కోసం కాదన్నయ్యా” అంటూ ఆమె చెయ్యి చాచి ముందుకొచ్చింది.

“దగ్గరికి రాకు” అంటూ అతను ఎడమకు విసురుగా రెండడుగులు వేశాడు.

చొక్కా కాలరు పట్టుకుని ఎవరో గుంజారు. గుండీ తెగి ఎగిరింది. తోసేస్తోంది అన్న ఒక్క ఆలోచన మెదడంతా నిండిపోయి, అతను ఆమె మణికట్టు పట్టుకుని వదిలించుకోబోయాడు. ఇద్దరూ పెనుగులాడి, బాట మధ్యలో మోకాళ్ళ మీద పడ్డారు. ఆమె కాలరు మాత్రం వదల్లేదు.

“అటు చూడు” అంది రొప్పుతూ. “తల తిప్పి చూడు.”

తిప్పి చూశాడు. పిట్టగోడ అక్కడ లేదు. బాట కూడా సగం లేదు. పెద్ద నోరు తెరిచినట్టు గోడ ఒక పక్కంతా విరిగి కందకంలోకి జారిపోయింది. అంచున కట్టిన తాడుకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. తాడు తెగి నేల మీద పడి ఉంది. అతని చెప్పు ఒకటి అంచు మీద, సగం గాల్లో ఉంది. అంత పెద్ద గొయ్యి, పట్టపగలు, అతని పక్కనే ఉంది. అతనికి కనిపించలేదు.

చెల్లెలే ముందు తేరుకుని, ఫ్లాస్కు మూత తీసి టీ పోసి అతని చేతిలో పెట్టింది.

అప్పుడు చెప్పింది. బేకరీలో రేకులు పక్కనే ఉన్నా కనిపించక చెయ్యి కాల్చుకుంటుంటే యజమానురాలు పట్టుబట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించిందట. మిషనులో తల పెట్టించి, ఎదురుగా చూడమని, పక్కల్లో మినుకుమనే దీపాలు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారట. దీపాలు ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఆమె ఊరికే కూర్చుందట. అప్పటికి సగం దీపాలు వెలిగి ఆరిపోయాయి. కంటి వెనక పొర అంచుల నుంచి మెల్లగా చచ్చిపోతూ వస్తోందన్నారు. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది మాత్రం చాలాకాలం చక్కగా కనిపిస్తుంది కాబట్టి ఏమి కోల్పోయామో మనిషికి తెలియదు. ప్రస్తుతానికి దీన్ని నయం చేసే మందు లేదు. ఇది రక్తంలో వస్తుంది, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే లేదని చెప్పి వచ్చేసింది. తిరిగొస్తూ బస్సులో కూర్చున్నాక నాన్న గుర్తొచ్చాడు. ఆ తర్వాత అన్నయ్య గుర్తొచ్చాడు.

“వదినకు ఫోను చేసి, అన్నయ్య వస్తువులకు గుద్దుకుంటాడా అని అడిగాను. అంతే, ఏడుపు మొదలుపెట్టింది. పక్కన పెట్టిన గ్లాసు తన్నేస్తారు, పిలిస్తే ఎటో చూస్తారు, వ్యానుకు మూడోసారి సొట్ట పడింది, ఏమైనా అంటే అరుస్తారు అని చెప్పింది. ఇంట్లో చెబితే నువ్వు వినవు, వ్యాను తీసుకుని వెళ్ళిపోతావంది. అందుకే ఇక్కడికి తెచ్చాను.”

“మరి నీకెలా కనిపించింది?” అన్నాడు గొయ్యి వైపు చూపిస్తూ. గొంతులో ఇంకా అనుమానం పోలేదు.

“ఎక్కడ విరిగిందో కింద కాపలా ఆయన్ని అడిగి తెలుసుకున్నాను. పైగా ఇప్పుడు నేను తల తిప్పి తిప్పి చూస్తాను. అలవాటు చేసుకోమన్నారు. చీకటిగా ఉంటే గోడ పట్టుకుని నడుస్తాను. నువ్వు ఎదురుగా ఉన్నదే లోకమనుకుంటావు.”

అతను తలను మెల్లగా ఎడమకు తిప్పాడు. గొయ్యి వచ్చింది. మళ్ళీ బురుజు వైపు చూశాడు. గొయ్యి పోయింది, దాని స్థానంలో చీకటి కూడా లేదు, ఏదో బాటే ఉన్నట్టుంది. ఇంకోసారి తిప్పి చూశాడు. ఆటాడుకుంటున్న చిన్నపిల్లాడిలా అలా ఎన్నిసార్లు చేశాడో. చేసేకొద్దీ వ్యానూ, సందులూ, గేటు దగ్గర గుంపుగా నిలబడే పిల్లలూ ఒక్కొక్కరే కళ్ళ ముందుకొచ్చారు. వెనక్కి జరిగి అవతలి పిట్టగోడకు ఆనుకున్నాడు.

“నాన్న దగ్గర ఎప్పుడైనా మందు వాసన వచ్చిందా నీకు?” అని అడిగింది చెల్లెలు.

అతను ఆలోచించాడు. నిజానికి అంతకుముందెన్నడూ ఆ సంగతి ఆలోచించలేదు. నాన్న దగ్గర బీడీ వాసన వచ్చేది. చెమట వాసన, ఎండిన గడ్డి వాసన వచ్చేవి. పగలు ఈ గోడ మీద పిల్లిలా నడిచేవాడు. సందె పడ్డాకే తూలేవాడు. వీధిలో జనం నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేసేవాడు. చీకట్లో కళ్ళు కనపడవని తెలిస్తే కాపలా ఉద్యోగం ఎవరు ఉంచుతారు? తాగుబోతన్నా ఊరుకున్నారు గానీ గుడ్డివాడంటే ఊరుకోరు.

“రాలేదు” అన్నాడు. “ఒక్కసారి కూడా రాలేదు.”

అని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చెల్లెలు అతని వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి అతను జరగలేదు.

కిందికి దిగేటప్పుడు ఆమె ముందు నడుస్తూ, ఇక్కడ రాయి ఊగుతోంది, ఇక్కడ మెట్టు అరిగింది అని చెబుతూ వచ్చింది. వ్యాను దగ్గరికి వచ్చాక అతను తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పట్టపగలే కదా, ఇంటిదాకే కదా, మెల్లగా పోనిస్తాను అన్నాడు. ఆమె కాదనలేదు, అవుననలేదు. తలుపు తీయబోతుంటే విహారయాత్రకొచ్చిన ఏదో బడి పిల్లలు బస్సు దిగి టికెట్ల గది వైపు పరిగెత్తారు. ఎదురుగా ఇద్దరు కనిపించారు. అతను తలను ఎడమకు తిప్పాడు. అటువైపు వ్యానును రాసుకుంటూ ఇంకా చాలామంది పోతున్నారు. ఒక పాప వ్యాను ముందు చక్రం పక్కన కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది.

తలుపు మూసి తాళం వేశాడు. ఇద్దరూ బస్సెక్కారు.

బస్సులో అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, మరి ఇంటి సంగతి అన్నాడు.

“ఇంట్లో నా వాటా నాకు కావాలి” అంది చెల్లెలు. “దాని గురించి మాట్లాడటానికి ఇంకోసారి వస్తాను. చెప్పి వస్తాను.”

అతనికి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

భార్య కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఉంది. వాళ్ళిద్దరూ నడుచుకుంటూ రావడం, వ్యాను లేకపోవడం చూసి మిషను ఆపేసింది. కాలరు చిరిగిన చొక్కా వైపు చూసింది. నాకు ముందే చెప్పొచ్చు కదా అని అతను కసురుకున్నాడు. చెబితే విన్నారా ఎప్పుడైనా అని ఆమె కసురుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా చాలాసేపు ఏడ్చారు.

డాక్టరు చెల్లెలికి చెప్పిన మాటే చెప్పాడు. అతనిది ఇంకా ముదిరింది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాకపోవడం మీ అదృష్టం అన్నాడు. ఆ మాట విన్నాక అతను కొన్ని రోజులు సరిగా తిండి తినలేదు. బడికి వెళ్ళి పెద్దమేడంతో దాచకుండా అంతా చెప్పాడు. ఆమె, మీరే వచ్చి చెప్పారు కాబట్టి సరిపోయింది అంది. మెచ్చుకున్నట్టు మాత్రం లేదు. వ్యాను ఇంకొకతనికి అమ్మేశాడు. కొన్నవాడు ఇంజను గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకపోతే, వీడెందుకు అడగడం లేదని అతనికి ఆ రాత్రంతా అనుమానమే. ఇప్పుడు భార్య కుట్టిన బట్టలకు గుండీలు, హుక్కులు కుడుతున్నాడు. ఎదురుగా పెట్టుకుని చేసే పని గనక చక్కగా వస్తోంది. సూది ఎక్కడ పెట్టానో మాత్రం పూటకోసారి ఇల్లంతా వెతికిస్తాడు. నడవలో లైటు పెట్టించాడు.

చెల్లెలు బేకరీలో పొయ్యి దగ్గరి నుంచి కౌంటరులోకి మారింది. ఆమె కొడుకు పరీక్ష చేయించుకోవడానికి ఇంకా ఒప్పుకోవడం లేదు. కాలేజీ హాస్టల్లో ఉంటున్న అతని కూతురు మాత్రం వెంటనే వెళ్ళి చేయించుకుంది. ఆమెకు లేదన్నారు.

ఆ కబురు చెప్పడానికి కూతురు ఇంటికొచ్చింది. తండ్రి పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, తాతయ్య ఎలా ఉండేవాడు నాన్నా అని అడిగింది. ఎన్నోసార్లు అడిగి, అతను లేచి వెళ్ళిపోవడం చూసి మానేసిన ప్రశ్న అది. అతను చొక్కా ఒళ్ళో పెట్టుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడమ్మా అని మొదలుపెట్టాడు. గోడ మీద నడుస్తుంటే కింద ఉన్న మాకు భయం వేసేది గానీ ఆయనకు వేసేది కాదన్నాడు. పేర్చిన ఒక్కో రాయినీ తట్టి, దానితో మాట్లాడేవాడన్నాడు. వంటింట్లోంచి భార్య వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. అతను తల తిప్పి ఆమెను చూసి, నువ్వూ కూర్చో అన్నాడు.